గుండీలమ్మ కొలతల పుస్తకం

కంటి ఆపరేషన్ అయిన ఆరు వారాలకి గుండీలమ్మ తన సూదిలోకి తనే దారం ఎక్కించుకుంది. మొదటి ప్రయత్నంలోనే ఎక్కింది. ఆ సూదిని కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకుని కాసేపు మురిసిపోయింది కూడా. అరవై దాటిన మనిషికి ఇదేం మురిపెం అని ఎవరైనా అంటే అననివ్వండి. నలభై ఏళ్ళు ఆడవాళ్ళ బట్టలు కుట్టి ఇల్లు నిలబెట్టిన మనిషికి, మసకబారిన సూది బెజ్జం మళ్ళీ కనిపిస్తే ఎలా ఉంటుందో వాళ్ళకేం తెలుసు?

ఆమెకి అసలు పేరు ఒకటి ఉంది. కరెంటు బిల్లు మీద తప్ప అది ఇప్పుడెక్కడా కనిపించదు. వీధి వీధంతా గుండీలమ్మ అనే పిలుస్తుంది. ఆ పిలుపు ఊరికే రాలేదు. ఇంటి ముందు గదే ఆమె కుట్టుగది. కిటికీ కింద మిషను, గోడవారగా ఇస్త్రీ బల్ల, మూలన మందపాటి నీలం తెర. కొత్తగా బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ముందు బిస్కెట్ల డబ్బాలో చెయ్యి పెట్టి, ఒకేలాంటి గుండీలు రెండు ఏరుకోవాలి. ఒకదాన్ని ఆమె కొలతల పుస్తకంలో కొత్త పేజీ పైన కుట్టేస్తుంది. రెండోది ఆ మనిషి చేతిలో పెడుతుంది. పేజీ మీద పేరుండదు, ఇంటి నంబరుండదు. గుండీ, దాని కింద అంకెలు, అంతే. మళ్ళీ వచ్చినప్పుడు ఆ గుండీ చూపిస్తేనే పేజీ తెరుచుకుంటుంది. గుండీ పోగొట్టుకుంటే మళ్ళీ మొదట్నుంచీ కొలతలు ఇచ్చుకోవాల్సిందే, సొంత అక్క అయినా సరే.

ఇంకో పట్టింపు కూడా ఉంది. తెర వెనక టేపు పట్టినప్పుడు అంకె పైకి అనదు. తనే చూసుకుని, తనే రాసుకుంటుంది.

ఆ శనివారం పొద్దున్న ఇల్లు మామూలుగానే ఉంది. కొడుకు ఫ్రిజ్ మెకానిక్కు. పేటలో చెడిపోయిన ఫ్రిజ్జులన్నీ బాగుచేస్తాడు, సొంతింటి ఫ్రిజ్ తలుపుకి మాత్రం ఏడాదిగా రబ్బరు బ్యాండే దిక్కు. వాడు వంటింట్లో పేపరు చదువుతున్నాడు. కోడలు బాల్కనీలో ఉతికిన బట్టలు ఆరేస్తోంది. పార్శిల్ ఆఫీసులో రికార్డులు చూసే పిల్ల. చిందరవందరగా ఉన్నదేదైనా కంటబడితే ఆమె చేతులు ఊరుకోవు. బట్టలు ఆరేసేటప్పుడు కూడా పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు.

వీధి తలుపు చప్పుడైంది. వచ్చింది పక్క వీధి బడి హెడ్మాస్టరమ్మ. పన్నెండేళ్ళుగా ఈ ఇంటికి వస్తున్న మనిషి.

"రండి మేడమ్. కోటు చేతులు వదులు చెయ్యాలన్నారు, తెచ్చారా?" అంటూ గుండీలమ్మ కుర్చీ జరిపింది.

హెడ్మాస్టరమ్మ కూర్చోలేదు. పర్సులోంచి ముదురు ఎరుపు గుండీ తీసి మిషను బల్ల మీద పెట్టింది.

"నా పేజీ ఇచ్చెయ్యండి," అంది.

"అదేంటి మేడమ్?"

హెడ్మాస్టరమ్మ మడత పెట్టిన గీతల కాగితం ఒకటి అందించింది. బడిలో నోటీసు రాసినట్టు, తేదీ, టైముతో సహా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చింది. నిన్న పొద్దున్న ఏడు నలభైకి వాళ్ళబ్బాయి ఫోనుకి వచ్చిన మెసేజ్ అది. గుండీలమ్మ కొత్త కళ్ళతో చదివింది.

'ఆపరేషన్ తర్వాత మళ్ళీ నిండుగా, నమ్మకంగా. ఎడమవైపు మెత్త అవసరమైన మీలాంటి మహిళల కోసం ప్రత్యేక లోదుస్తులు. మీ కొలత మాకు తెలుసు.'

గుండీలమ్మ కాగితాన్ని కిటికీ వెలుతురులోకి జరిపింది. రెండోసారి చదివింది. అక్షరాలు మారలేదు.

"ఆరేళ్ళ కిందటి మాట," అంది హెడ్మాస్టరమ్మ. గొంతు పెంచలేదు. ముప్పై ఏళ్ళు గొంతు పెంచకుండానే పిల్లల్ని అదుపులో పెట్టిన మనిషి. "మా ఆయనకి తెలుసు, ఆయన పోయారు. డాక్టరుకి తెలుసు. మీకు తెలుసు. నాలుగో మనిషికి నేను చెప్పలేదు. చెప్పదలచుకోలేదు. నిన్న పొద్దున్న కాఫీ తాగుతూ మా అబ్బాయి ఈ ఫోను పట్టుకొచ్చి, ఇదేంటమ్మా అన్నాడు. కోడలి ముందు, మనవరాలి ముందు, పరీక్ష తప్పిన పిల్లలా నిలబడ్డాను."

"నేను ఎవరికీ చెప్పలేదు మేడమ్. ఒట్టు."

"మీరు చెప్పి ఉండరు. మీ కంటి ఆపరేషన్ అప్పుడు మీ కోడలు నా పేరు, ఫోను నంబరు అడిగింది. కోటు అవగానే మెసేజ్ పెడతానంది. నాకు ఫోను అలవాటు లేదని మా అబ్బాయి నంబరిచ్చాను. గుండీలమ్మ ఇల్లు కదా, ఎందుకని కూడా అడగలేదు."

ఆ చివరి మాట గుండీలమ్మకి సూటిగా తగిలింది. పుస్తకం తెరిచి, ఎర్ర గుండీ ఉన్న పేజీని బ్లేడుతో కుట్టు దగ్గర జాగ్రత్తగా విప్పి, రెండు చేతులతో అందించింది. హెడ్మాస్టరమ్మ దాన్ని మడిచి పర్సులో పెట్టుకుని వెళ్ళిపోయింది. బల్ల మీద జంట గుండీ ఒక్కటే మిగిలింది.

"అమ్మాయ్," అని పిలిచింది గుండీలమ్మ.

కోడలు తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వెనకే కొడుకు కూడా వచ్చాడు. తల్లి గొంతులో ఆ జీర వాడికి తెలుసు.

"నా పుస్తకం ఏం చేశావు?"

కోడలి ముఖం వెలిగింది. పాపం, ఆ ప్రశ్న కోసం ఆ పిల్ల ఆరు వారాలుగా ఎదురుచూస్తోంది. "మీరే చూస్తారని ఆగాను అత్తయ్యా. మీ కళ్ళు కుదురుకున్నాక చూపిద్దామనుకున్నాను. దర్జీల కోసం యాప్ ఒకటి ఉంది. మొత్తం పుస్తకం అందులో ఎక్కించేశాను. రెండు వందల పద్నాలుగు పేజీలు. ఆర్డర్లు ఇవ్వడానికి వచ్చినవాళ్ళ పేర్లు, నంబర్లు అడిగి ఏ గుండీ ఎవరిదో జత చేశాను. అరవై ఒక్కమంది దొరికారు. ఒక్కటీ తప్పు పోలేదు. కావాలంటే చూడండి, ఇదిగో, బ్యాంకులో చేసే ఆవిడ, నడుము ముప్పై..."

"నోరు ముయ్యి."

ఆ ఇంట్లో ఆ మాట అంతకు ముందెప్పుడూ ఎవరూ అనలేదు. కోడలు చేతిలోని ఫోను దించింది. గుండీలమ్మ గీతల కాగితం ఆమె చేతిలో పెట్టింది.

కోడలు చదివింది. చదివేకొద్దీ ముఖంలో రంగు దిగిపోయింది. "ఇది... నేను ఇలా రాయలేదు అత్తయ్యా. మీ పేజీలో 'ఎడమ మెత్త, కుట్టు ఒత్తకూడదు' అనుంది. అదే ఎక్కించాను. ఆపరేషన్ అన్న మాట నాకే తెలీదు."

"నీకు తెలీదు. ఆ యాప్‌కి తెలిసిపోయింది. నలభై ఏళ్ళు కడుపులో దాచుకున్నవన్నీ నెల రోజుల్లో బజార్న పెట్టేశావు. పేరు రాయకూడదనే కదా నేను గుండీలు కుట్టుకుంది? ఆమాత్రం తెలీదా?"

"తెలీదు," అంది కోడలు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా మాట తడబడలేదు. "ఎలా తెలుస్తుంది? గుండీలు ఎందుకని మీరు ఒక్కసారైనా చెప్పారా? నేనీ ఇంటికొచ్చి నాలుగేళ్ళు. ఆ తెర లోపలికి నన్ను ఒక్కసారీ రానివ్వలేదు. చూపు ఆనక పేజీలు తిరగేస్తూ మీరు తడుముకుంటుంటే చూడలేకపోయాను. ఇదంతా సర్ది పెడితే, ఒక్కసారైనా 'మంచి పని చేశావమ్మాయ్' అంటారని ఆశపడ్డాను. అంతే నేను చేసిన నేరం."

"అమ్మా, దానికి మాత్రం ఏం తెలుసు? ఈ రోజుల్లో అన్ని యాప్‌లూ అంతే," అని కొడుకు నచ్చజెప్పబోయాడు.

"నువ్వు ముందు ఆ ఫ్రిజ్ తలుపు సంగతి చూడు," అంది తల్లి. వాడు వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ పూట గుండీలమ్మ మిషను తొక్కలేదు. కోపం దిగాక లోపల మిగిలింది వేరే ఏదో అని ఆమెకి తెలుస్తూనే ఉంది. ఆ పిల్ల అన్నదాంట్లో అబద్ధం లేదు. గుండీల సంగతి తను ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా దాచుకోవడమే గొప్ప అనుకుంది.

మధ్యాహ్నం కోడలు యాప్ కంపెనీకి ఫోను చేసింది. ఒక కంఠం ఒకటి నొక్కమంది, ఇంకోటి నొక్కమంది. చివరికి మీ ఫిర్యాదు మాకెంతో విలువైనది అని చెప్పి పెట్టేసింది. గోడకి చెప్పుకున్నా కాస్త ప్రతిధ్వని వచ్చేది. సాయంత్రానికి కోడలు ఆ యాప్ నిబంధనలు తెరిచింది. మొదటిసారి చదవకుండా ఒప్పుకున్నాను అని నొక్కిన ముప్పై ఒక్క పేజీలవి. ఆదివారం అంతా వంటింటి బల్ల దగ్గర కూర్చుని పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివింది. అత్తగారు పక్కన కాఫీ గ్లాసు పెడితే తలెత్తకుండానే అందుకుంది.

సోమవారం పొద్దున్న కోడలు ఆఫీసుకి సెలవు పెట్టి చెప్పులు వేసుకుంటుంటే, గుండీలమ్మ కూడా బయల్దేరింది.

"మీరెందుకు అత్తయ్యా? తప్పు నాది."

"పుస్తకం నాది," అంది గుండీలమ్మ.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నాలుగు స్టాపులు దాటాక గుండీలమ్మ తనంతట తనే మొదలుపెట్టింది. "పదిహేడేళ్ళప్పుడు బజార్లో పెద్ద దర్జీ దుకాణంలో పనికి కుదిరాను. మాస్టరు టేపు పట్టి అంకెలు గట్టిగా అరిచేవాడు. అవతల బల్ల దగ్గర గుమాస్తా రాసుకునేవాడు. మధ్యలో కత్తెర పట్టేవాళ్ళు, గుండీలు కుట్టేవాళ్ళు, దారిన పోయేవాళ్ళు, అందరూ వినేవాళ్ళు. ఒకరోజు నా ఈడుదే ఒక పిల్ల వచ్చింది. కాస్త బొద్దుగా ఉండేది. మాస్టరు నడుము కొలత అరిచాడు. మళ్ళీ చూసి చెప్పండి మాస్టారూ, అంత ఉంటుందా, అన్నాడు ఎవడో. దుకాణమంతా నవ్వింది. నేనూ నవ్వాను."

కోడలు ఆమె వైపు తిరిగింది.

"ఆ పిల్ల మళ్ళీ రాలేదు. బట్ట కూడా తీసుకెళ్ళలేదు. ఏడాది పాటు ఆ బట్ట అలమారలోనే పడుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది. సొంతంగా మిషను పెట్టుకున్నరోజే అనుకున్నాను, నా ఇంట్లో అంకె పైకి వినపడకూడదని, పేరూ అంకే ఒకచోట ఉండకూడదని. ఇది నీకు నాలుగేళ్ళ కిందటే చెప్పి ఉండాల్సింది. నా గొప్ప నేనే దాచుకున్నాను."

దిగేటప్పుడు కోడలు అత్తగారి మోచెయ్యి పట్టుకుంది.

కంపెనీ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. కింద అద్దాల గదిలో కూర్చున్న అమ్మాయి, లోపలికి వెళ్ళాలంటే పేరు, ఫోను నంబరు రాసి ఫోటో దిగాలని చెప్పింది.

"నా గుట్టు ఎక్కడికి పోయిందో అడగడానికి వస్తే మళ్ళీ నా బొమ్మ ఇవ్వమంటావేంటమ్మా?" అంది గుండీలమ్మ. "పైనున్న ఆయన్నే కిందికి రమ్మను. మేమిక్కడే కూర్చుంటాం."

కూర్చున్నారు. గంటన్నర కూర్చున్నారు. కోడలు నిబంధనల కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా ఉంది. చివరికి ఒక అధికారి దిగి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, మర్యాదస్తుడు. ఇస్త్రీ చొక్కా బాగానే ఉంది, ఎడమ చేతి కఫ్ గుండీ మాత్రం ఒక్క దారానికి వేలాడుతోంది. గుండీలమ్మ కన్ను ముందు దాని మీదే పడింది.

"మీ ఇబ్బంది అర్థమైందమ్మా," అన్నాడు. "కానీ మేము ఎవరి పేర్లూ బయటికి ఇవ్వం. పేర్లు తీసేశాకే మా భాగస్వాములకి సమాచారం వెళుతుంది."

"పేరు తీసేస్తే మరి మెసేజ్ ఆవిడింటికే ఎలా వెళ్ళింది నాయనా? మా వీధిలో మూడొందల గడపలున్నాయి."

ఆయన చొక్కా కాలరు సవరించుకున్నాడు. "అది సిస్టమ్ ఆటోమేటిగ్గా చేస్తుందమ్మా. ఎవరూ కావాలని చేసింది కాదు."

"సిస్టమంటే ఎవరు? ఆయన్ని పిలవండి, ఆయనతోనే మాట్లాడతాను."

"అలా పిలవడానికి మనిషి కాదమ్మా."

"నేను కుట్టిన గౌను చంక దగ్గర పట్టేసిందనుకో. ఆ మనిషి నా దగ్గరికొస్తే, నేను కాదమ్మా, మిషను చేసింది అని చెప్పనా? చెప్తే నా మొహాన కొట్టి పోదా? నా ఇంట్లోనూ కరెంటు మిషనే ఉంది. నాకు దాంతో పేచీ లేదు. దాన్ని తొక్కే కాలు నాది, అంతే."

ఆయన ఇబ్బందిగా నవ్వి, ఒక ఏడాది పాటు యాప్‌లో అన్ని సదుపాయాలూ ఉచితంగా ఇప్పిస్తానన్నాడు. గుండీలమ్మ కోడలి వైపు చూసింది. కోడలు లేచి నిలబడింది.

"మాకు ఉచితాలు వద్దండి. పుస్తకం మొత్తం చెరిపెయ్యాలి, చెరిపినట్టు రాసివ్వాలి. ఆ అరవై ఒక్కమంది వివరాలు ఎవరెవరికి, ఏ తేదీన వెళ్ళాయో ఆ జాబితా కూడా కావాలి."

"అది కంపెనీ అంతర్గత..."

"పద్దెనిమిదో పేజీ, నాలుగో పేరా," అంటూ కోడలు పెన్సిలు గీత పెట్టిన కాగితం తిప్పి పెట్టింది. "వివరాలు ఎవరికి అందించామో, అడిగిన వినియోగదారుకి రాతపూర్వకంగా తెలియజేస్తాం అని మీరే రాసుకున్నారు. నేను పార్శిల్ ఆఫీసులో రికార్డులు చూస్తాను. ఒక పెట్టె మా గుమ్మం దాటిందంటే ఎవరు తీసుకున్నారో సంతకం ఉంటుంది. మీ గుమ్మంలోంచి వెళ్ళినవాటికి సంతకం లేదంటే నేను నమ్మను. నలభై ఐదు రోజులు గడువని మీరంటారు, అదీ చదివాను. మేము సాయంత్రం దాకా ఉంటాం. రేపూ వస్తాం. ఎల్లుండీ వస్తాం."

నాలుగేళ్ళుగా ఒకే బల్ల దగ్గర అన్నం తింటున్న పిల్ల ఇలా మాట్లాడగలదని గుండీలమ్మకి తెలియదు. బట్టలు వరసలో ఆరేసే ఆ పద్ధతిని చాదస్తమనుకునేది. ఇప్పుడదే చాదస్తం ఎదుటివాడి చేత చెమట తుడిపిస్తుంటే ఆమెకి లోలోపల గర్వంగా ఉంది. పైకి మాత్రం కనపడనివ్వలేదు.

నాలుగున్నరకి ఆయన రెండు కాగితాలు తెచ్చిచ్చాడు. ఒకటి చెరిపేసినట్టు రాసిన పత్రం. రెండోదాంట్లో ఏడు సంస్థల పేర్లు, తేదీలు. కోడలు రెండింటి కిందా ఆయన చేత సంతకం పెట్టించింది. వస్తూ వస్తూ గుండీలమ్మ గుమ్మం దగ్గర ఆగింది.

"ఆ చేతి గుండీ ఊడిపోయేట్టుంది నాయనా, చూసుకో," అంది.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ హెడ్మాస్టరమ్మ ఇంటికి వెళ్ళారు. అందరికంటే కష్టమైన గడప ముందు దాటాలని కోడలే అంది. తను మాట్లాడదామని గుండీలమ్మ గొంతు సవరించుకుంటుంటే, "నేను చెప్తాను అత్తయ్యా," అని గేటు ముందుకి వెళ్ళింది. హెడ్మాస్టరమ్మ గేటు తియ్యలేదు. లోపలే నిలబడింది.

"మేడమ్, మీ వివరాలు బయటపెట్టింది నేను. చదవకుండా ఒప్పుకున్నాను అని నొక్కింది నేను. సిస్టమ్ చేసిందని వాళ్ళన్నారు, మీకు నేనది చెప్పను. మీ వివరాలు ఈ ఏడుగురి దగ్గరికి వెళ్ళాయి. తీసెయ్యమని ఏడుగురికీ ఉత్తరాలు రాశాను. ఒక్కో జవాబు వచ్చినప్పుడల్లా తెచ్చిస్తాను."

హెడ్మాస్టరమ్మ కాగితం అందుకుని ఆసాంతం చదివింది. "తీసేశామని వాళ్ళు రాస్తే నువ్వు నమ్ముతావా?" అంది.

"పూర్తిగా నమ్మను మేడమ్. అందుకే సంతకం అడుగుతున్నాను."

"మా అబ్బాయి ఆ రాత్రంతా నిద్రపోలేదు. ఒక్కదానివే ఎలా భరించావమ్మా అని ఏడ్చాడు. అందరూ ఇంత ప్రేమగా చూసుకుంటున్నారుగా, మంచే జరిగిందిగా అని మా కోడలంటోంది." ఆమె కాగితం మడిచింది. "మంచి జరగలేదు. ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో, అది నాది. అది పోయింది."

"అవును మేడమ్," అంది కోడలు. "దాన్ని తెచ్చివ్వడం నా చేతకాదు. అది నాకు తెలుసు."

కోడలు క్షమించమని అడగలేదు. ఏడవలేదు. దాన్ని కూడా గుండీలమ్మ గమనించింది. తన బరువు దించుకోవడానికి ఎదుటివాళ్ళ చేత సరే అనిపించుకునే రకం కాదు ఈ పిల్ల.

తర్వాత మూడు వారాలు రోజూ సాయంత్రం ఇద్దరూ వీధులు తిరిగారు. అరవై గడపలు. ప్రతి గడపలోనూ కోడలు అవే మాటలు, ఒక్కటీ తగ్గించకుండా చెప్పింది. బ్యాంకావిడ పుల్ల విరిచినట్టు మాట్లాడి తలుపు వేసేసింది. నర్సు ఒకామె జాబితా తీసుకుని తన వాటికి తనే ఉత్తరాలు రాసుకుంటానంది. బేకరీ ఆవిడ పడీ పడీ నవ్వి, "నా నడుము కొలత చూసి వాళ్ళే జడుసుకుని ఉంటారు, పొండి," అంది. నవ్వాక మాత్రం తన పేజీ తనకి ఇచ్చెయ్యమంది. పందొమ్మిది మంది పేజీలు తీసుకెళ్ళారు. పుస్తకం సన్నబడింది. గుండీలమ్మ ప్రతి పేజీనీ బ్లేడుతో విప్పి రెండు చేతులతో ఇచ్చింది.

ఇంట్లో ఇంకో చిత్రం జరిగింది. ఎవరూ అడక్కుండానే కొడుకు ఒక ఆదివారం ఫ్రిజ్ తలుపుకి కొత్త రబ్బరు వేశాడు. "మీరిద్దరూ ఇంత తిరుగుతుంటే నాకు సిగ్గేసింది," అన్నాడు. అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకుని, చాలా రోజుల తర్వాత నవ్వారు.

జవాబులు ఒకటొకటిగా వచ్చాయి. ఏడింటిలో అయిదు. వచ్చిన ప్రతిదీ కోడలు హెడ్మాస్టరమ్మ గేటు దాకా తీసుకెళ్ళింది. మొదటి రెండుసార్లు ఆవిడ కమ్మీల మధ్యనుంచే అందుకుంది. మూడోసారి గేటు తీసింది. అయిదోసారి, మిగతా ఇద్దరి సంగతేంటని అడిగింది. వాళ్ళకి మూడో ఉత్తరం రాశానని కోడలు చెప్పింది. ఆవిడ తలూపింది, అంతే. ఆపైన రెండు నెలలు ఆవిడ కుట్టుగది వైపు రాలేదు. బల్ల సొరుగులో ముదురు ఎరుపు గుండీ అలాగే ఉంది. కొత్త మిషను సూదుల కోసం సొరుగు తీసినప్పుడల్లా అది గుండీలమ్మ కంటబడేది.

చలి మొదలైన ఒక శనివారం పొద్దున్న వీధి తలుపు చప్పుడైంది. హెడ్మాస్టరమ్మ చేతిలో బూడిదరంగు ఉన్ని బట్ట ఉంది.

"కోటు కుట్టాలి," అంది. "పాత కొలతలు పనికిరావు. కొంచెం చిక్కాను."

గుండీలమ్మ సొరుగులోని ఎర్ర గుండీ కోసం చెయ్యి పెట్టబోతే, హెడ్మాస్టరమ్మ వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించింది. తనే బిస్కెట్ల డబ్బా దగ్గరికి లాక్కుని, చాలాసేపు వెతికి, నల్ల గుండీలు రెండు ఏరింది. ఒకటి బల్ల మీద పెట్టి, ఒకటి పర్సులో వేసుకుంది.

గుండీలమ్మ మెడలో టేపు సర్దుకుని తెర వైపు నడవబోయింది.

"మీ కోడలు లేదా?" అంది హెడ్మాస్టరమ్మ.

కోడలు అప్పటికే వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి రావాలో వద్దో తెలియక చీపురు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"తప్పు చేసి దాక్కునేవాళ్ళని ముప్పై ఏళ్ళు చూశాను," అంది హెడ్మాస్టరమ్మ. "తప్పు చేసి, కాగితాలు పట్టుకుని అయిదుసార్లు గేటు ముందు నిలబడ్డ మనిషిని ఇప్పుడే చూశాను. కొలతలు తననే తీసుకోమనండి."

గుండీలమ్మ కోడలి దగ్గరికి వెళ్ళింది. చేతిలోంచి చీపురు తీసుకుని గోడకి ఆనించింది. తన మెడలోని టేపు తీసి ఆ పిల్ల మెడలో వేసింది. నలభై ఏళ్ళ మెడ చెమటకి అంచులు మెత్తబడ్డ టేపు అది.

"వెళ్ళమ్మాయ్. మేడమ్ ఆగుతున్నారు," అంది.

ఇద్దరూ లోపలికి వెళ్ళాక గుండీలమ్మ తెర తనే దగ్గరికి లాగింది. వచ్చి మిషను ముందు కూర్చుంది. కాలు పెడలు మీద పెట్టిందేగానీ తొక్కలేదు. చెవులు రెండూ తెర వైపే ఉన్నాయి. లోపల టేపు జారిన చప్పుడు వినిపించింది. ఎవరో మెల్లగా దగ్గారు. చెయ్యి ఎత్తండి మేడమ్, అన్న మాట వినిపించింది. పెన్సిలు కాగితం మీద గీసిన చప్పుడు ఒకటి, కాసేపటికి ఇంకొకటి. పది నిమిషాలైంది. లోపల్నుంచి ఒక్క అంకె కూడా బయటికి రాలేదు.

హెడ్మాస్టరమ్మ వెళ్ళిపోయాక కోడలు పుస్తకం తెరిచి, కొత్త పేజీ పైన నల్ల గుండీ కుట్టింది. కాగితం మీది అంకెల్ని దాని కింద ఎక్కిస్తూ, ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కనే అత్తగారు కూర్చుని ఉన్నారు. అత్తగారికి కూడా కనపడనివ్వలేదు. రాయడం అయ్యాక ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యి మంటలో కాల్చేసింది.

"మంచి పని చేశావమ్మాయ్," అంది గుండీలమ్మ.

కోడలు తలెత్తలేదు. పుస్తకం మీద వంగిన ఆ తల అలాగే కాసేపు ఉండిపోయింది.

గుండీలమ్మ కిటికీ వైపు తిరిగి సూది తీసుకుంది. వెలుతురు బాగానే ఉంది. దారం కొస తడిచేసి బెజ్జంలోకి దూర్చబోయింది. ఎక్కలేదు. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ ఎక్కలేదు. అందులో కళ్ళ డాక్టరు తప్పేమీ లేదు.